మడ అడవి కూడా మన గట్టే



2025 నవంబరులో రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి, అటవీ పర్యావరణ శాఖల మంత్రి పవన్ కల్యాణ్ గారు రాజోలు నియోజకవర్గంలోని కేశనపల్లికి వచ్చారు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు నీరు ఎగదన్నడంతో తలలు వాలి మోడులైన కొబ్బరి చెట్లను రైతులు ఆయనకు చూపించారు. అంతకు నెల ముందు, అక్టోబరు 28 రాత్రి, మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తుపాను గాలితో కొట్టింది, ఆ దెబ్బ తెల్లారేసరికి అందరికీ కనిపించింది. ఉప్పు కొట్టిన దెబ్బ అలా కాదు. ఏళ్ల తరబడి వేళ్లలోకి ఎక్కి, చెట్టు చచ్చాక గాని బయటపడలేదు.

రెండు సందర్భాల్లోనూ ప్రజలు అడిగేవి న్యాయమైనవే. డ్రెయిన్లలో పూడిక తీయాలి, గట్లు ఎత్తు చేయాలి, నష్టపోయిన రైతుకు పరిహారం ఇవ్వాలి. వీటిలో కాదనదగింది ఒక్కటీ లేదు. అయితే ఈ మాటల మధ్య అరుదుగా వినిపించే మాట ఒకటుంది. అది అడవి. ఈ వారం మేము సంఘాల ముందు పెట్టదలచిన విషయం అదే.

"కోనసీమకూ అడవికీ సంబంధం ఏమిటి? అడవి అంటే మన్యం కదా, ఇక్కడ ఉన్నది కొబ్బరి, అరటి, వరి కదా" అని ఎవరైనా అడగవచ్చు. వాడపల్లి గట్టు మీద నిలబడి చూసేవారికి ఆ ప్రశ్న సహజమే. ఎదురుగా గౌతమి, అవతల లంకలు, వెనుక తోటలు. కనుచూపు మేరలో అడవి లేదు. కానీ ఆ గట్టు పక్కనుంచి పోతున్న నీటిని అడిగితే వేరే సంగతి చెబుతుంది. అది ధవళేశ్వరం ఆనకట్ట దాటక ముందు పాపికొండల మధ్య నుంచి వచ్చింది. మన ఊళ్లు దాటాక కోరంగి, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు మడ అడవుల వేళ్ల మధ్యకు వెళ్తుంది. కోనసీమ రెండు అడవుల మధ్య ఉన్న సీమ. పైది కొండ అడవి, కిందిది ఉప్పునీటి అడవి. ఆ రెండూ బాగుంటేనే మధ్యలో ఉన్న మనం బాగుంటాం.

ఉప్పునీటిలో బ్రతికే చెట్లు

మడ అడవిని చూడనివారికి ఒకటి రెండు మాటలు చెప్పాలి. నది సముద్రంలో కలిసే చోట, రోజుకు రెండుసార్లు పోటు ఎక్కి పాటు దిగే బురద నేలల్లో పెరిగే చెట్లు ఇవి. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, ఉప్పు పొన్న అని మన తీరంలో వీటికి పేర్లున్నాయి. బురదలో గాలి ఆడదు కనుక మడ చెట్టు తన వేళ్లను మేకుల్లాగా నేల పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. ఉప్పు పొన్న గింజ చెట్టున ఉండగానే మొలకెత్తి, పొడవాటి కాడగా పెరిగి, ఆ తరువాతే రాలుతుంది. తల్లి దగ్గర కొంత పెరిగాక గాని బిడ్డను నీటిలోకి వదలని చెట్టు అది. సృష్టికర్త జ్ఞానానికి ఇంతకంటే సాక్ష్యం ఎక్కడో వెతకనవసరం లేదు.

ఈ చెట్ల వేళ్లు అల్లుకుని కెరటపు జోరును విరుస్తాయి. నది తెచ్చిన ఒండ్రును పట్టి ఉంచి నేలను నిలబెడతాయి. రొయ్య పిల్ల, పీత, అనేక రకాల చేపలు తమ చిన్నతనం గడిపేది ఆ వేళ్ల నీడలోనే. కాకినాడ దగ్గర 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగి మడ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అక్కడ నీటికుక్కలు, నీటిపిల్లులు ఉన్నాయి. దాని ముందు సముద్రం వైపు హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ ఉంది. తాబేళ్లు అక్కడికి వచ్చి గుడ్లు పెడతాయి. కోనసీమ వైపు కాట్రేనికోన మండలంలోనూ, గోదావరి పాయల మొగల దగ్గరా ఈ అడవి ఇంకా నిలిచి ఉంది. వేటకు వెళ్లే మన విశ్వాసుల కుటుంబాలకు అది తెలిసిన అడవి. చదువుకుని పట్టణాలకు వెళ్లిన పిల్లలకు మాత్రం తెలియదు.

మరొక సంగతి. మడ చెట్టు ఆకు, కొమ్మ, వేరు బురదలో పడితే త్వరగా కుళ్లదు. గాలి ఆడని ఆ మట్టిలో వందల ఏళ్ల బొగ్గుసారం అలాగే దాగి ఉంటుంది. భూమిని వేడెక్కిస్తున్న కార్బన్‌ను పట్టి ఉంచడంలో ఉష్ణమండలపు అడవుల్లో వీటిది ముందు వరుస. ఆ నేలను తవ్వి చెరువు చేస్తే చెట్టు పోవడమే కాదు, దాగి ఉన్నదంతా తిరిగి గాలిలో కలుస్తుంది.

తుపాను నేర్పిన పాఠం

ఈ తీరానికి తుపాను కొత్త కాదు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి ఓడరేవు పట్టణాన్ని తుడిచిపెట్టింది. ఓడలతో కళకళలాడిన రేవు ఆ తరువాత మళ్లీ పాత వైభవానికి రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు పది వేల మంది చనిపోయారు. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమ వంతు వచ్చింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. వారిలో సముద్రం మీద ఉండిపోయిన మత్స్యకారులు ఎందరో. లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. ఆ సంవత్సరం తరువాత కోనసీమలో తోట మళ్లీ కాపుకు వచ్చేదాకా ఎన్ని ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లు ఆగాయో, ఎన్ని చదువులు ఆగాయో పెద్దలకు తెలుసు. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది.

అడవి ఉంటే తుపాను ఆగుతుందా? ఆగదు. ఈ విషయంలో అతిశయంగా మాట్లాడడం మంచిది కాదు. అయితే అడవి ఏమి చేయగలదో లెక్క కట్టి చూసినవారున్నారు. 1999 అక్టోబరు 29న ఒడిశాను కొట్టిన పెను తుపాను తరువాత కేంద్రపడా జిల్లాలోని 409 గ్రామాలను సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. తీరానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పు ఎక్కువ ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువ అని 2009లో ప్రచురించారు. మిగిలి ఉన్న ఆ కాస్త అడవి కూడా లేకపోయి ఉంటే ఒక్కో ఊరిలో సగటున మరో ఒకరిద్దరు చనిపోయి ఉండేవారని వారి లెక్క. ముందస్తు హెచ్చరిక అడవికంటే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా వారే నిజాయితీగా చెప్పారు.

ఒకరిద్దరే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ ఒకరిద్దరి పేర్లు ఏ సంఘపు రిజిస్టరులో ఉన్నాయో ఆ కాపరిని అడగాలి. వందల గ్రామాలకు లెక్క కడితే అది ఎంతవుతుందో మీరే చూడండి. తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి గురించి ప్రసంగించే మనకు, ఒక్క ప్రాణం విలువ ఎంతో ఇంకొకరు చెప్పనవసరం లేదు.

పైగా సముద్రం ఇప్పుడు మన తాతల నాటి సముద్రం కాదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచంలో సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని, ఇటీవలి సంవత్సరాల్లో ఆ వేగం ఏడాదికి సుమారు 3.7 మిల్లీమీటర్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం తేల్చింది. మిల్లీమీటర్లు చిన్నవిగానే కనిపిస్తాయి. కానీ సముద్రానికి అడుగూ రెండడుగుల ఎత్తులో పొలం ఉన్న రైతుకు ప్రతి మిల్లీమీటరూ డ్రెయిన్ లోపలికి మరికొంత దూరం ఉప్పును తోస్తుంది. వేసవిలో ఆనకట్ట దిగువకు మంచినీరు తగ్గినప్పుడు పోటు నదిలోకి మరింత పైకి ఎక్కుతుంది. బోరు నీటి రుచి మారుతుంది.

అడవి ఎలా తరిగింది

మడ అడవిని ఏ ఒక్కరో నాశనం చేయలేదు. వంటచెరకుకు, ఇళ్ల వాసాలకు, కంచెలకు తరతరాలుగా కొట్టారు. పూర్వం అటవీశాఖ కూడా వంతుల వారీగా మొత్తం నరికించి అమ్మింది. చెట్టు లేని నేల ఎండకు బీటలు వారి, కుంగి, పళ్లెంలా గుంట పడింది. పోటు నీరు అందులోకి ఎక్కి తిరిగి పోలేక ఎండిపోయి ఉప్పు తేలింది. అలాంటి చోట మడ గింజ కూడా బ్రతకదు.

తరువాత 1990లలో రొయ్యల చెరువులు వచ్చాయి. ఆ చెరువుల మీద బ్రతికే కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి, వారి కానుకలు మన మందిరాల్లో ఉన్నాయి. కాబట్టి ఈ మాటను వారి మీద రాయి విసిరినట్టు కాక, ఇంటివారితో మాట్లాడినట్టు చెబుతున్నాం. 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలో రొయ్యల చెరువులు తవ్వరాదని, మడ అడవులను, సాగు భూములను చెరువులుగా మార్చరాదని తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి, కొన్ని షరతులతో రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. చట్టం ఉంది. కానీ చెరువు ఉప్పునీరు పక్క వరి చేలోకి దిగినప్పుడు పక్క రైతు ఎవరి దగ్గరికి పోవాలో తెలియక ఊరుకోవడం కూడా ఉంది. నెమ్మదిగా ఆ రైతు కూడా తన చేను చెరువుకే ఇచ్చేస్తాడు. దీన్ని అభివృద్ధి అనాలో లొంగుబాటు అనాలో సంఘపెద్దలు ఆలోచించాలి.

2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ నేలను పేదల ఇళ్ల స్థలాల కోసం మెరక చేయడం మీద వివాదం రేగి జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాడికి ఇల్లు కావాలి, సందేహం లేదు. కానీ ఉప్పెనకు అడ్డుగా ఉన్న అడవిని కొట్టి, ఆ స్థలంలోనే పేదవాడికి ఇల్లు కట్టి ఇస్తే, అతనికి ఇచ్చింది ఇల్లా, ఆపదా? ఇసుక మీద కట్టిన ఇంటి సంగతి ప్రభువు చెప్పిన ఉపమానంలో అందరం చదివాం.

ఇంకొక కారణం మన కళ్లకు దూరంగా ఉంది. డెల్టా అనేది నది తెచ్చిన ఒండ్రుతో తయారైన నేల. పైన మహారాష్ట్ర, తెలంగాణల్లో కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతున్నకొద్దీ డెల్టా అంచుకు చేరేది తగ్గింది. ఒండ్రు అందని అంచును సముద్రం కోసుకుపోతుంది. ఉప్పాడ దగ్గర కెరటాలకు అడ్డంగా వేసిన జియో ట్యూబ్ గోడ కూడా చిరిగి చెదిరింది. మనిషి కట్టిన గోడ కట్టిన రోజున బలంగా ఉండి, ఆ తరువాత బలహీనపడుతుంది. మడ అడవి నాటిన రోజున బలహీనంగా ఉండి, ఏటేటా బలపడుతుంది. గోడ అవసరమైన చోట గోడ కట్టాల్సిందే. అడవి పెరిగే చోట అడవి ఉండాల్సిందే.

శుభవార్త కూడా చెప్పాలి. భారత అటవీ సర్వే సంస్థ 2023 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవి సుమారు 421 చదరపు కిలోమీటర్లు. అంతకు రెండేళ్ల ముందు లెక్కకంటే సుమారు 13 చదరపు కిలోమీటర్లు పెరిగింది. దేశం మొత్తం మీద పెద్ద మార్పు లేని కాలంలో మన రాష్ట్రంలో పెరగడం సంతోషించదగ్గ సంగతి. పోయింది తిరిగి వస్తుందనడానికి ఇది రుజువు.

తిరిగి నిలబెట్టడం అంటే

అడవిని తిరిగి తేవడం అంటే మొక్క నాటడమే అనుకుంటాం. మడ అడవి విషయంలో మొక్కకంటే ముందు కావలసింది నీటి దారి. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అటవీశాఖతోనూ, తీర గ్రామాల ప్రజలతోనూ కలిసి గోదావరి, కృష్ణా మొగల దగ్గర చేసిన పని ఇదే. గుంట పడి చౌడు తేలిన నేలలోకి చేప ముల్లు ఆకారంలో బోదెలు తవ్వారు. మధ్యలో పెద్ద బోదె, రెండు పక్కలా పిల్ల బోదెలు. పోటుకు నీరు ఎక్కి, పాటుకు దిగిపోయింది. ఉప్పు కడుక్కుపోయింది. అప్పుడు నాటిన మొక్క బ్రతికింది. నాటని గింజ కూడా నీటితో కొట్టుకొచ్చి మొలిచింది. గ్రామస్థులే కమిటీగా ఏర్పడి కాపలా కాశారు.

ఇందులో పాఠం తేలికగానే అర్థమవుతుంది. నిలిచి ఉన్న అడవిని కాపాడడం మొదటి పని. నీరు ఆడేలా దారి తీయడం రెండవ పని. మొక్క నాటడం మూడవది. మనం సాధారణంగా మూడవదానితో మొదలుపెట్టి, ఫోటోతో ముగిస్తాం. దివిసీమ ఉప్పెన తరువాత తీరం వెంట సరుగుడు తోటలు వేశారు. ఇసుక తీరంలో అవి గాలికి అడ్డు నిలుస్తాయి. కానీ బురద నేలలో సరుగుడు పని చేయదు, ఇసుకలో మడ పని చేయదు. ఏ నేలకు ఏ చెట్టో ఆ ఊరి మత్స్యకారుడికి తెలిసినంతగా కార్యాలయంలో కూర్చున్నవారికి తెలియకపోవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2023-24 బడ్జెట్‌లో మిష్టి అనే పథకాన్ని ప్రకటించింది. దేశంలోని తీర రాష్ట్రాల్లో ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవులను పెంచడం, పునరుద్ధరించడం దాని లక్ష్యం. డబ్బు ఎంత వచ్చింది, ఏ ఊరిలో ఎంత ఖర్చయింది, మూడేళ్ల తరువాత ఎన్ని మొక్కలు బ్రతికాయి అని గ్రామసభలో అడిగే హక్కు మనకుంది. అడగడం విరోధం కాదు, గృహనిర్వాహకత్వం.

ఎగువ అడవికి మన బాకీ

ఇక పై అడవి మాట. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర మూడవ ప్రమాద హెచ్చరిక ఇచ్చే మట్టం 17.75 అడుగులు కాగా, ఆ జులైలో వరద అది దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. లంకల్లో ఇళ్లు మునిగి, జనం పడవల మీద గట్లకు చేరారు. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా పరీవాహకం ఉన్న నదికి అంత వాన ఒకేసారి పడితే ఏ అడవీ ఆపలేదు. అడవి చేయగలిగింది వేరు. వాన చినుకును నేలలోకి ఇంకించి వేసవిలో ఊటగా వదలడం, కొండ మట్టిని పట్టి ఉంచడం. మామూలు సంవత్సరాల్లో మన కాలువ నీటికి ఆ పని ఎంతో ముఖ్యం. వాన తక్కువ రోజుల్లో ఎక్కువగా కురిసే ఈ మారిన కాలంలో మరింత ముఖ్యం.

పాపికొండల అడవిని 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. అది వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి. ఆ కొండల దిగువన పోలవరం ప్రాజెక్టు వస్తోంది. దాని నీటి ముంపులో వందల గ్రామాలు, సుమారు లక్ష కుటుంబాలు, కొంత అడవి ఉన్నాయి. ముంపు కుటుంబాల్లో కోయలు, కొండరెడ్లు చాలామంది. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అనే వాదంలోకి మేము ఇక్కడ వెళ్లడం లేదు. డెల్టాకు దానివల్ల నీటి భరోసా వస్తుందన్నది నిజం. ఆ భరోసా ధర చెల్లిస్తున్నది మనం కాదు, ఎగువన ఇల్లు, పోడు, అడవి విడిచి పునరావాస కాలనీలకు వచ్చినవారు. మునిగిన అడవికి బదులు వేరే చోట మొక్కలు నాటితే కాగితం మీద లెక్క సరిపోతుంది. తేనె, చింతపండు, అడ్డాకులు, దుంపలు ఇచ్చిన ఆ అడవి అక్కడ రాదు. మన పంట నీటిలో వారి కన్నీరు కలిసి ఉందని తెలిసి, ఊరకుండడం క్రైస్తవ ధర్మం కాదు.

"ఇవి అంత్యదినాల సూచనలు కదా?"

మన సంఘాల్లో తరచుగా వినిపించే ఒక మాటకు జవాబు చెప్పకుండా ఈ విషయం ముగించలేము. "తుపానులు, వరదలు, సముద్రపు ఘోష ఇవన్నీ ప్రభువు రాకడకు సూచనలు. లోకం గతించిపోయేదే. ఆత్మల రక్షణ వదిలి చెట్ల వెంట పడడం ఎందుకు?" భక్తిగల విశ్వాసులే ఈ మాట అంటారు. దాన్ని తేలికగా తీసుకోలేము.

అయితే సూచనల గురించి ప్రభువు చెప్పిన మత్తయి 24వ అధ్యాయమే ఎలా ముగుస్తుందో గమనించండి. యజమానుడు వచ్చేసరికి ఇంటివారికి వేళకు అన్నం పెడుతూ కనబడిన దాసుడు ధన్యుడని అక్కడ ఉంది. యజమానుడు ఆలస్యం చేస్తున్నాడని తోటి దాసులను కొట్టి తిన్నవాడికి శిక్ష ఉంది. అంటే రాకడ కోసం కనిపెట్టడం అంటే అప్పగించిన పని వదిలి ఆకాశం వైపు చూడడం కాదు. చెరలో ఉన్నవారికి యిర్మీయా ఉత్తరం రాసినప్పుడు కూడా ఇళ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని చెప్పాడు. తిరిగి వెళ్లే రోజు వస్తుందని తెలిసే అలా చెప్పాడు.

నెహెమ్యా యెరూషలేము గోడ కట్టబోయే ముందు రాజును అడిగిన వాటిలో ఒకటి, రాజు అడవిని కాసే ఆసాపు పేరిట ఉత్తరం. మ్రానులు కావాలంటే ముందు అడవి ఉండాలి, అడవి ఉండాలంటే దాన్ని కాసేవాడు ఉండాలి. ఆసాపు గోడ కట్టలేదు. అతని పేరు మళ్లీ ఆ గ్రంథంలో ఈ పనికి సంబంధించి రాదు. కానీ అతను అంతకాలం కాపాడకపోతే గుమ్మాలకు దూలాలు లేవు.

యెహెజ్కేలు 47వ అధ్యాయం మనకు బాగా తెలుసు. మందిరం నుంచి పారే నది, ఇరు గట్ల మీద ఫలమిచ్చే చెట్లు, ఆకులతో స్వస్థత. ఆ అధ్యాయం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. కానీ 11వ వచనం మీద ఆగినవారు తక్కువ. ఆ నది అన్నిటినీ బాగుచేస్తుంది గాని బురద నేలలు, ఊబి నేలలు మాత్రం ఉప్పుకే విడిచిపెట్టబడతాయని ఆ వచనం. కొందరు దీన్ని శాపంగా చదువుతారు. నదీ తీరంలో బ్రతికే మనం దాన్ని ఏర్పాటుగా కూడా చదవవచ్చునని మేము అనుకుంటున్నాం. దేవుడు తన నూతన దేశపు పటంలో ఉప్పు నేలకు కూడా ఒక చోటు కేటాయించాడు. ప్రతి అంగుళం తోట చేయాలని, చెరువు చేయాలని, ప్లాటు చేయాలని ఆయన అనలేదు. రెవెన్యూ రికార్డులో బీడు అని రాసిన నేల ఆయన రికార్డులో పనికిమాలినది కాదు.

సంఘాలు చేయగలిగినవి

మొదటిది, తీర మండలాల్లోని సంఘాలు తమ ఊరి అటవీ కమిటీల్లో చేరాలి. కాపలా కాసే మత్స్యకార కుటుంబాలకు అడవిలో వేట హక్కు, వలల సాయం అందుతున్నాయో లేదో చూడాలి. అడవిని కాపాడే భారం పేదవాడి మీద, దాని లాభం అందరి మీద పడడం న్యాయం కాదు. కట్టెల కోసం అడవికి వెళ్లే అక్కచెల్లెళ్లను దొంగలుగా చూడకుండా, వారి ఇంటికి గ్యాస్ సిలిండర్ తిరిగి నింపుకునే స్తోమత ఉందో లేదో అడగాలి.

రెండవది, మహాసభల పందిళ్లకు, ప్రేమ విందుల వంటకు తెచ్చే వాసాలు, కట్టెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కాంట్రాక్టరును అడగాలి.

మూడవది, సంఘ ఆస్తిగా పొలం ఉన్నచోట దాన్ని రొయ్యల చెరువుకు కౌలుకు ఇచ్చే ముందు పక్క రైతు ఏమవుతాడో కమిటీ ఆలోచించాలి. చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉందా, మురుగు ఎక్కడికి పోతుంది అని రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

నాలుగవది, సండే స్కూల్ పిల్లలను ఒకసారి కోరంగికి తీసుకువెళ్లాలి. అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ మడ వేళ్లు, పీతలు, కొంగలు చూసిన పిల్లవాడు ఆదికాండం రెండవ అధ్యాయంలో మనిషికి తోటను సేద్యపరచి కాచే పని ఎందుకు ఇచ్చాడో పెద్దవాళ్లకంటే బాగా గ్రహిస్తాడు.

ఐదవది, మొక్కలు నాటే సంఘాలు మూడు సంవత్సరాల బాధ్యత రాసుకుని నాటాలి. ఎవరు నీరు పోస్తారు, ఎవరు కంచె చూస్తారు, చచ్చిన మొక్క స్థానంలో ఎవరు పెడతారు అని పేర్లతో సహా సంఘ మినిట్స్‌లో ఉండాలి.

ఆరవది, ఎగువ నుంచి వచ్చి పునరావాస కాలనీల్లో ఉంటున్న కుటుంబాలను, అక్కడి చిన్న సంఘాలను డెల్టా సంఘాలు దత్తత తీసుకోవాలి. ఒక్క దుప్పట్ల పంపిణీతో ఆగకుండా, వారికి రావలసిన భూమి, పరిహారం కోసం వారితో కలిసి అధికారుల దగ్గరికి నడవాలి.

వాడపల్లి వంటి నదీ తీరపు ఊళ్లకు మరొక మాట. ఇక్కడ ప్రతి శనివారం వేంకటేశ్వర స్వామి దర్శనానికి వేలాది మంది వస్తారు. గట్టు వారిది, మనది కూడా. వరద ఏ ఇంటిలో ఏ ప్రార్థన జరుగుతుందో చూసి రాదు. గట్టు పక్కన చెట్లు నిలపడంలో, నదిలోకి ప్లాస్టిక్ పోకుండా చూడడంలో మన యౌవనస్థులు ఊరి యువకులతో కలిసి పని చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక్కడ వదిలిన సంచి రేపు మడ వేళ్లకు చుట్టుకుంటుంది.

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. కరువు సీమ అన్నపూర్ణ అయిందని నేటికీ ఈ జిల్లాల ప్రజలు మతం చూడకుండా ఆయనకు దండ వేస్తారు. ఆయన కట్టిన గట్లకు ఏటా బడ్జెట్ ఉంది, ఇంజనీర్లు ఉన్నారు, వరద రోజుల్లో రాత్రి కాపలా ఉంది. ఎవరూ కట్టని గట్టు ఒకటి సముద్రం అంచున ఉంది. దానికి కూడా అంత శ్రద్ధ కావాలని అడగడమే ఈ సంపాదకీయం ఉద్దేశం.

వచ్చే తుపాను కాలానికి ముందే, జూన్‌లోగా, ప్రతి డెల్టా సంఘం తన కమిటీ సమావేశంలో ఈ విషయాన్ని ఒక్కసారి ఎజెండాలో పెట్టాలని కోరుతున్నాము. తీరంలో, లంకల్లో, పునరావాస కాలనీల్లో ఉన్న కుటుంబాల కొరకు వచ్చే ఆదివారపు ఆరాధనలో ప్రార్థించండి.